చీకటికోటలో ఉచ్చులు

నిరుడు వేసవి సెలవుల్లో పదకొండేళ్ళ పిల్ల ఒకతె నన్నొక ప్రశ్న అడిగింది. ముప్పై ఏళ్ళుగా తరగతి గదిలో పిల్లలను ప్రశ్నలు అడగడమే వృత్తిగా బతికినవాణ్ణి నేను. అయినా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. అది ఒక ఆటలో పుట్టిన ప్రశ్న. కాబట్టి ముందుగా ఆ ఆట సంగతి చెప్పాలి.

మాది హోసూరు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, బెంగుళూరు బస్సెక్కితే కన్నడం మాకు చిన్నప్పటినుంచీ అలవాటే. మా మేనల్లుడు బెంగుళూరులో కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు. మే నెలలో నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చినప్పుడు ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో రెండు పలుచని పుస్తకాలు, కొన్ని అచ్చు కాగితాలు, ఆరు పాచికలు ఉన్నాయి. పాచిక అంటే మనకు ఆరు ముఖాలదే తెలుసు. వీటిలో నాలుగు ముఖాలది ఉన్నది, ఎనిమిది ముఖాలది ఉన్నది, ఇరవై ముఖాలది కూడా ఉన్నది. ఆ ఇరవై ముఖాల పాచికను మా అమ్మ అరచేతిలో పెట్టుకొని, "ఇదేమిరా, నేరేడుకాయకు సాన పట్టినట్లుంది!" అన్నది.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీనిని రూపొందించి వెలువరించారు. అంతకు ముందు వాళ్ళు చిన్న చిన్న బొమ్మ సైనికులను బల్లమీద నిలబెట్టి యుద్ధాల ఆట ఆడేవారు. సైన్యాన్ని నడిపే బదులు ఒక్కొక్క ఆటగాడు ఒక్కొక్క వీరుడుగా మారి, పాడుబడిన కోటల కింద నేలమాళిగల్లోకి దిగితే ఎలా ఉంటుందన్న ఆలోచన నుంచి ఈ కొత్త ఆట పుట్టింది.

ఆడేవారిలో ఒకరు కథ నడుపుతారు. మా ఇంట్లో ఆయనను మేము సూత్రధారి అన్నాము. మిగిలినవారిలో ఒకరు కత్తివీరుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు తాళాలు తీయడంలో నేర్పరి, ఇట్లా తలకొక వేషం. "మీ ముందు ఇనుప తలుపు ఉన్నది. దాని కిందినుంచి చల్లగాలి వస్తున్నది. ఏం చేస్తారు?" అని సూత్రధారి అడుగుతాడు. ఒకరు తలుపు తోస్తామంటారు, ఇంకొకరు చెవి ఆనించి వింటామంటారు. ఆ పని జరుగుతుందో లేదోనన్న సందేహం ఉంటే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. సూత్రధారి నిర్ణయించిన సంఖ్యకు సమానంగా గాని అంతకు మించి గాని పడితే పని అయినట్లే. దెబ్బ తగిలితే వీరుడి ప్రాణబలం తగ్గుతుంది. కొత్తగా మొదలుపెట్టిన వీరుడికి ఆ బలం ఎనిమిదో, తొమ్మిదో, పన్నెండో ఉంటుంది, అంతే.

మా మేనల్లుడు రెండు సాయంకాలాలు ఆట నడిపి, "మామా, కథ చెప్పడం మీకు కొత్తా? ఇక మీరే నడపండి" అని చెప్పి ఊరికి వెళ్ళిపోయాడు. మా తమ్ముడి కూతురు, పక్కింటి కుర్రవాడు, ఎదురింటి అన్నదమ్ములు ఇద్దరు, మొత్తం నలుగురు పిల్లలు నా చుట్టూ చేరారు.

పెట్టెలో ఉన్న మొదటి కథలోనే రెండు ఉచ్చులు ఉన్నాయి. దొంగ భూతాల గుహకు వెళ్ళే కాలిబాటలో మొదట ఒక తాడు ఉచ్చు వస్తుంది. అది కాలికి తగులుకొని మనిషిని తలకిందులుగా వేలాడదీస్తుంది. మరికొంత దూరం పోతే ఆకులు కప్పిన గొయ్యి. లోతు పది అడుగులే. ఆట నిబంధనల ప్రకారం పది అడుగుల ఎత్తునుంచి పడితే ఆరు ముఖాల పాచిక ఒకటి వేసి, ఎంత పడితే అంత బలం తగ్గించాలి. మహా అయితే ఆరు. అంటే పడినవాడు సాధారణంగా కుంటుకుంటూనైనా లేచి వస్తాడు. ఇవి చదివి నేను నవ్వుకొన్నాను. ఇంత చప్పని ఉచ్చులేమిటి, నేనైతే ఇంతకంటే బాగా పన్నగలను అనుకొన్నాను.

అలా అనుకోవడానికి కారణం మా మేనల్లుడు చెప్పిన మరొక కథ. టూంబ్ ఆఫ్ హారర్స్ అని గైగాక్స్ ఒక సమాధి కథ అల్లాడు. 1975లో ఒక ఆటల సమ్మేళనంలో దానిని ఆడించారు, 1978లో అచ్చు వేశారు. ఆ సమాధిలో ఒక నడవా చివర గోడమీద ఆకుపచ్చని రాక్షసముఖం చెక్కి ఉంటుంది. నోరు బార్లా తెరచి ఉంటుంది. లోపల కటిక చీకటి. అందులోకి దూరినవాడికి గాయం కావడం, ప్రాణబలం తగ్గడం అనేవి ఉండవు. మనిషే లేకుండా పోతాడు. ఉచ్చు అంటే అదీ అనిపించింది నాకు. ఆ కథ ఏళ్ళ తరబడి ఆడి ఆరితేరిన వాళ్ళ గర్వం అణచడానికి రాసినదని, అదే నడవాలో నేలమీద దాగిన అక్షరాల్లో దారికి గుర్తులు కూడా చెక్కి ఉన్నాయని మేనల్లుడు చెప్పాడు గాని, ఆ మాట నా చెవిన పడలేదు. చెప్పినది సగమే వినే శిష్యుణ్ణి నేను.

రెండు రాత్రులు కూర్చొని నోటుపుస్తకంలో ఒక కోట గీశాను. దానికి చీకటికోట అని పేరు పెట్టాను. మొదటి గదిలో ఒక చెక్కపెట్టె. పెట్టె మూత ఎత్తితే తాళపు కన్నం నుంచి విషపు సూది వస్తుంది. సూది గుచ్చుకొంటే మరణమే. ఇది పుస్తకంలో లేని నిబంధన, నేనే రాసుకొన్నది.

మరునాడు సాయంకాలం ఆట మొదలయింది. మా తమ్ముడి కూతురుది తాళాలు తీసే వేషం. ఆ వేషానికి చిట్టి అని పేరు పెట్టుకొన్నది. కాగితంమీద చిట్టి బొమ్మ వేసి, రెండు జడలకూ రంగు పూసి, నడుముకు తాళపుచెవుల గుత్తి కూడా గీసింది. గదిలోకి రాగానే ఉత్సాహంగా, "పెట్టె తెరుస్తాను" అన్నది. సూది వచ్చింది, గుచ్చుకొన్నది, చిట్టి చచ్చిపోయింది అని నేను ప్రకటించాను. ఆట మొదలై పది నిమిషాలు కూడా కాలేదు. పక్కింటి కుర్రవాడు పకపకా నవ్వాడు.

ఆ పిల్ల నావైపు చూసి, "పెద్దనాయనా, నేనేం తప్పు చేసినాను?" అని అడిగింది.

ఏం చెప్పాలి? పెట్టె తెరవడం తప్పా? తాళాలు తీసే వేషమిచ్చి, తాళమున్న పెట్టె ఎదురుగా పెట్టింది నేనే. పెట్టెలో సూది ఉందని తెలియడానికి ఆ గదిలో ఏ గుర్తూ లేదు. "ఆటలో అంతే అమ్మా" అని ఏదో గొణిగాను. ఆమె తన కాగితం మడిచి పెట్టుకొని వెళ్ళి, పెరట్లో చింతపండు గింజలు తీస్తున్న వాళ్ళ అవ్వ పక్కన కూర్చొన్నది.

మిగిలిన ముగ్గురితో ఆట సాగించాలని చూశాను. అదీ సాగలేదు. ఈ ఆటలో వీరులు కొనుక్కొనే సామాన్ల పట్టికలో పది అడుగుల కర్ర ఒకటి ఉంటుంది. ముగ్గురూ ఆ కర్ర పట్టుకొని ప్రతి రాయినీ పొడవడం మొదలుపెట్టారు. తలుపును పొడిచారు, గోడను పొడిచారు, నేలమీద పడి ఉన్న చెప్పును కూడా పొడిచారు. గంటసేపటికి నడవాలో పది అడుగులు దాటలేదు. ఎదురింటి పెద్దవాడు ఆవులించి, "సార్, క్రికెట్ ఆడుకొని వస్తాము" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చిట్టి పోయినందుకని కాదు, పాత సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది. కొన్నేళ్ళ క్రితం ఒక పరీక్షకు తెలుగు ప్రశ్నపత్రం తయారు చేసే పని నాకు అప్పగించారు. ఒక విభాగంలో ఐదు ప్రశ్నలు. మొదటి నాలుగూ "కింది వాటిలో పర్యాయపదం అయినది ఏది?" అనే వరసలో ఉన్నాయి. ఐదోది మాత్రం "పర్యాయపదం కానిది ఏది?" అని రాశాను. పిల్లలు జాగ్రత్తగా చదువుతారో లేదో చూద్దామని కావాలనే అలా చేశాను. ఒక సహోపాధ్యాయిని చూసి, "కానిది అన్న మాట కింద గీత గీయండి, పాపం" అన్నారు. నేను గీయలేదు. జవాబుపత్రాలు దిద్దుతుంటే సగానికి సగం మంది తప్పు రాశారు. వాళ్ళలో పర్యాయపదాలు మూడూ తెలిసినవారే ఎక్కువ. తెలిసిన పిల్లలకు మార్కు పోయింది. అప్పుడు నేను లోలోపల సంతోషపడ్డాను. మీ ప్రశ్నపత్రాల్లో ఇప్పుడు "కానిది" అన్న మాట కింద గీత కనిపిస్తే, అది ఊరికే వచ్చినది కాదని తెలుసుకోండి.

నాలుగు రోజులు ఆట పెట్టె అటకమీదనే ఉన్నది. ఆ నాలుగు రోజులూ నా మనసు మన కథల చుట్టూ తిరిగింది. ఉచ్చులు మనకేమీ కొత్త కావు కదా! భారతంలో లక్క ఇల్లు ఉన్నది. దుర్యోధనుడి ఆజ్ఞతో పురోచనుడు కట్టించిన ఇల్లు అది. అడుగు పెట్టగానే నెయ్యి, లక్క కలిసిన వాసన ధర్మరాజు ముక్కుకు తగిలింది. విదురుడు అంతకు ముందే గూఢమైన మాటలతో హెచ్చరించి ఉన్నాడు. చంపడానికే పన్నిన ఉచ్చు అయినా, వాసన పట్టగలిగినవాడికి అది గుట్టు చెప్పేసింది.

అరణ్యపర్వం చివర యక్షుడి కొలను ఉన్నది. తెలుగు భారతంలో ఆ భాగం ఎర్రన రాసినది. నకులుడు నీళ్ళకు వస్తే అదృశ్యంగా ఒక గొంతు, ముందు తన ప్రశ్నలకు జవాబు చెప్పి తర్వాత తాగమంటుంది. నకులుడు వినలేదు, పడిపోయాడు. తర్వాత సహదేవుడు, అర్జునుడు, భీముడు. నాలుగుసార్లూ అదే హెచ్చరిక. ఇక్కడ చూడండి: ముందుగా చెప్పడం ఉన్నది, వినడానికి అవకాశం ఉన్నది, పడిపోయినవాళ్ళు మళ్ళీ లేవడమూ ఉన్నది. కొత్తవాళ్ళకోసం ఉచ్చు పన్నేవాడు ఆ యక్షుణ్ణి గురువుగా పెట్టుకోవచ్చు.

మయసభ సంగతి వేరు. అక్కడ నీళ్ళలో పడ్డప్పుడు దుర్యోధనుడికి ఒంటిమీద గాయమేమీ కాలేదు. నేల అనుకొని నీళ్ళలో పడ్డాడు, బట్టలు తడిశాయి. ఆటలోనైతే ఒక్క అంకె కూడా తగ్గించనక్కరలేదు. కాని చూసినవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఎక్కడిదాకా పోయిందో మీకు తెలుసు. పక్కింటి కుర్రవాడి నవ్వును నేను వెంటనే ఆపి ఉండవలసింది.

కథల్లోనివే కాదు, కట్టినవి కూడా ఉన్నాయి. మహారాష్ట్రలో ఉన్న పిల్లలు దౌలతాబాదు కోట చూసే ఉంటారు. యాదవరాజుల కాలంలో అదే దేవగిరి. దాదాపు రెండు వందల మీటర్ల ఎత్తున్న ఒంటి కొండ. కింది భాగం గోడలాగా నిటారుగా చెక్కి, చుట్టూ లోతైన కందకం తవ్వారు. కందకం దాటాక పైకి పోవడానికి కొండలోపల తొలిచిన సొరంగమే దారి. దానిని అంధేరి అంటారు. కొన్నేళ్ళ క్రితం పుణె వెళ్ళినప్పుడు అక్కడికి కూడా వెళ్ళాను. లోపల మెట్లు ఒక కొలతలో ఉండవు, మలుపులు ఎటు తిరుగుతాయో తెలియదు. గబ్బిలాల కంపు. పై ద్వారం దగ్గర కుంపటి రాజేసి, పొగను సొరంగంలోకి తోలి శత్రువులను ఉక్కిరిబిక్కిరి చేసేవారని చెబుతారు. నా వెనుక ఉన్న ఒక పెద్దమనిషి గోడ పట్టుకొని నడుస్తూ "రామ రామ" అనుకొంటున్నాడు. నాకూ కాళ్ళు వణికాయి. ఆ కోట కట్టినవాళ్ళకు శత్రువు బతికి బయటపడకూడదు. అటువంటి కోటను తెచ్చి పిల్లల ఆటలో పెడితే ఏం మార్చాలన్నది నా ఎదుట ఉన్న లెక్క. కర్ణాటకలో ఉన్నవారికి చిత్రదుర్గంలో ఒనకె ఓబవ్వ కిండి గుర్తుకు రావచ్చు. అక్కడ సన్నని సందు, రోకలి పట్టుకొన్న ఒక్క ఆడమనిషి, ఇవి రెండే ఉచ్చు.

మరొక లెక్క పాచికది. గుర్తు ఏదీ చెప్పకుండా, "ఉచ్చు కనిపించాలంటే పదిహేను పడాలి" అని పెట్టాననుకోండి. ఇరవై ముఖాల్లో పదిహేను నుంచి ఇరవై దాకా ఆరు ముఖాలే ఉన్నాయి. అంటే పదిమందిలో ఏడుగురికి ఉచ్చు కనిపించదు. వాళ్ళు తెలివితక్కువవాళ్ళని కాదు, పాచిక అలా పడింది. ఆలోచించే పిల్లకు ఆలోచనకు తగిన ఆధారం దొరకాలి. పాచిక ఆ తర్వాత వస్తే చాలు.

ఐదో రోజు నోటుపుస్తకం తీసుకొని పెరట్లోకి వెళ్ళాను. తమ్ముడి కూతురు చింతపండు దగ్గరే ఉన్నది. పక్కన కూర్చొని, "ఆ రోజు నీ తప్పు ఏమీ లేదమ్మా. పెట్టె నేనే సరిగా చేయలేదు" అన్నాను. ఆమె గింజలు తీస్తూనే ఉన్నది. "నడవాలో గొయ్యి ఒకటి ఉన్నది. పైన పలుచని రాతిపలక. కింద బోలుగా ఉన్నదని నడిచేవాళ్ళకు ఎట్లా తెలుస్తుంది?" అని అడిగాను.

కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, "తట్టి చూస్తే తెలుస్తుంది. అవ్వ పనసకాయ తట్టినట్ల" అన్నది.

"తట్టాలని వాళ్ళకు తోచాలి కదా?"

"చీమలు పెట్టు పెద్దనాయనా. బారుగా వచ్చి రాళ్ళ సందులోకి దిగిపోతా ఉండాల. చీమలు దిగిపోయినాయంటే కింద చోటు ఉన్నట్లే కదా!"

చింతపండు రాశి పక్కన అప్పుడు నిజంగానే చీమల బారు ఒకటి గోడ పగుల్లోకి పోతున్నది. నేను నోటుపుస్తకంలో రాసుకొన్నాను. అప్పటినుంచి వరసగా చెప్పుకొంటూ పోయింది. పొగ సొరంగంలో పైకప్పుకు మసి పట్టి ఉండాలట, మసి వేలికి అంటాలట. గొయ్యిలో పడినవాడికి పైకి రావడానికి చెట్టువేరు ఒకటి వేలాడుతూ ఉండాలట. "లేకుంటే వాడు అక్కడే కూర్చొని ఏడుస్తాడు. ఆట ఎట్లా ఆడతాడు?" అన్నది. వాళ్ళ అవ్వ కూడా కలగజేసుకొని, "ఎలుకల బోనులో కొబ్బరిముక్క కాల్చి పెట్టకపోతే ఎలుక కూడా రాదు. నీ కోటలోకి వాళ్ళెందుకు పోతారురా?" అన్నది. నిజమే, ఉచ్చు దాటినందుకు అవతల ఏమున్నదో నేను రాయనే లేదు. గొయ్యికి అవతల గూట్లో ఒక వెండి దీపం పెట్టాము.

ఆదివారం మళ్ళీ ఆట. ఆమె ఆడనని చెప్పి నా పక్కన కూర్చొన్నది, ఉచ్చు పన్నినవారి హోదాలో. ముగ్గురు మగపిల్లలు నడవాలోకి వచ్చారు. "గోడ పక్కగా నల్లచీమల బారు పోతున్నది. నడవా మధ్యలో రెండు రాళ్ళ సందులోకి దిగుతున్నది" అని చెప్పాను. ఎదురింటి చిన్నవాడు, "చీమలేగదా" అని ముందుకు పోబోయాడు. పక్కింటి కుర్రవాడు చెయ్యి అడ్డంపెట్టి, "ఉండరా. చీమలు కిందికి ఎందుకు పోతాయి?" అన్నాడు. కర్రతో తట్టారు. బోలు శబ్దం వచ్చిందని చెప్పాను. ముగ్గురూ ఎగిరి గంతేశారు. తలుపు చెక్క ఊడదీసి అడ్డంగా వేసుకొని దాటారు.

ఆమె నా చెవిలో, "ఒక్కడన్నా పడలేదే పెద్దనాయనా" అని బాధపడింది.

వెండి దీపం దొరికాక ఆమె మెల్లగా లేచి, మడిచిపెట్టిన కాగితం తీసింది. చిట్టికి చెల్లెలు ఉన్నదట. పేరు చిన్న చిట్టి. ప్రాణబలం తొమ్మిది. అక్క పోయిన గదికి పోవాలన్నది. నేను పేజీ తిప్పాను. పెట్టె అక్కడే ఉన్నది గాని, దాని రాత మార్చి ఉన్నాను.

"తాళపు కన్నం చుట్టూ సన్నని గీతలు ఉన్నాయి. పెట్టె కింద నేలమీద పచ్చని మరక ఆరిపోయి ఉన్నది" అన్నాను.

ఆమె చాలాసేపు ఆలోచించింది. పక్కింటి కుర్రవాడు ఏదో అనబోతే నేను చూపుతోనే ఆపాను. "పక్కకు నిలబడతాను. చేతికి గుడ్డ చుట్టుకొంటాను. గుత్తిలోని పొడుగు తాళపుచెవితో తీస్తాను" అన్నది.

"పన్నెండు పడాలి" అన్నాను.

రెండు చేతుల మధ్య పాచికను ఆడించి వేసింది. మూడు పడింది. అందరూ ఊపిరి బిగబట్టారు. సూది వచ్చిందన్నాను, గుడ్డ అడ్డమున్నందువల్ల కొసమాత్రమే గుచ్చుకొన్నదన్నాను. నాలుగు ముఖాల పాచిక వేశాను. నాలుగు పడింది.

"తొమ్మిదిలో నాలుగు పోతే ఐదు" అని ఆమె కాగితంమీద దిద్దుకొన్నది. తర్వాత తల ఎత్తి, "పెట్టె తెరుచుకొన్నదా లేదా, అది చెప్పు ముందు" అన్నది.